తాబేలు దిగిన బండి

లారీల యార్డులో అతడి అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. చేరిన వారంలోపే అతడు ‘హలో’ అయిపోయాడు. బండి ఆగితే చాలు, ఒక చెవికి ఫోను ఆనించి, రెండో చెవిలో వేలు దూర్చి, "హలో... వినపడుతోందా... హలో, హలో" అంటూ రోడ్డు పక్కన గానుగెద్దులా గుండ్రంగా తిరిగేవాడు. అది చూసి ఆ పేరు పెట్టినవాడు పాత డ్రైవరు తాబేలు.

తాబేలుకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. ఇల్లు వీపున మోసుకు తిరిగే మనిషి. క్యాబిన్లో సీట్ల వెనక మనిషి వెడల్పు పరుపు, పరుపు కింద బట్టలు, తలాపున సొట్టపడ్డ కెటిలు, కిటికీ కడ్డీకి వేలాడే గడ్డం గీసుకునే అద్దం. ఇంతకు మించి ఈ నేల మీద అతడికి నాలుగు గోడలు లేవు. ఉండేవట ఒకప్పుడు. ఎవరైనా ఆ మాట కదిపితే, "ఇల్లా? దాని బ్రేకులు ఫెయిలయ్యాయిలే" అని నవ్వేసేవాడు. ఆ నవ్వులో చేయి పెట్టి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దూరపు బండికి ఇద్దరు డ్రైవర్లు. ఒకడు నడిపితే ఒకడు పడుకోవాలి. ఒకడు లేస్తే ఒకడు ఒరగాలి. ఒకే పరుపు మీద ఇద్దరి వెచ్చదనం, ఎప్పుడూ కలవకుండా. కొత్తవాడికి పని నేర్పేది పాతవాడు. పాతవాడు యార్డుకు వచ్చి "వీడి చేతికి బండి ఇవ్వొచ్చు" అన్న రోజునే కొత్తవాడికి మొదటి సెలవు. అంతదాకా ఇంటి గుమ్మం తొక్కే వీల్లేదు. అది కంపెనీ పద్ధతి.

హలోకు ఆ మొదటి సెలవు కావాలి. ఇంకేదీ అక్కర్లేదు.

అంతకుముందు అతడు ఊళ్లోనే ఒక ఫర్నిచరు కొట్టు వ్యాను నడిపేవాడు. పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే బతుకు. కొట్టు మూతపడ్డాక పెద్ద బండ్ల లైసెన్సు తీసి ఈ పనిలో చేరాడు. అప్పటికి కూతురు బుజ్జిదానికి మాటలు రాలేదు. ఇప్పుడు వచ్చాయి. వచ్చిన ప్రతి మాటా అతడికి ఫోన్లోనే అందింది. ఒకరోజు భార్య నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వకుండా ముగించింది.

"ఏమండీ, ఇది ఫోన్ని నాన్న అంటోంది. మీరు చేశారని కాదు, ఊరికే గూట్లో ఉన్న ఫోన్ని చూపించి నాన్న, నాన్న అంటోంది. నిన్న చార్జింగ్ అయిపోయి ఆరిపోతే, నాన్న బజ్జున్నాడని దుప్పటి కప్పింది."

అతడు నవ్వబోయాడు. 

"మీరు తొందరగా రండి. లేకపోతే దీనికి నాన్నంటే ఇదే అనుకుంటుంది."

ఆ మాట అతడి వెంట చక్రంలా తిరిగింది. ఎక్కిన గుట్టల మీదా తిరిగింది, దిగిన లోయల్లోనూ తిరిగింది.

తాబేలుకు మాత్రం అది వేడుక. దారి పక్క హోటళ్లలో పదిమంది డ్రైవర్లు చేరితే చాలు, గరిటె చెవికి పెట్టుకుని, మూతి సున్నాలా చుట్టి, "నాన్నా, నాన్నా, ఎప్పులొత్తావు నాన్నా" అని పాప గొంతు పెట్టేవాడు. బల్లలు చరిచి నవ్వేవాళ్లు అందరూ. హలో కూడా నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకో పేరు పెడతారు.

"ఏరా హలో, ఇంట్లో అందరూ బతికే ఉన్నారా?"

"ఉన్నారు బాబాయ్."

"నువ్వు లేకపోయినా?"

హలో పళ్లెంలోకి వంగి ముద్ద కలిపాడు.

"మరి నువ్వు లేకపోయినా బతికేస్తుంటే, ఇంక నువ్వెందుకురా వాళ్లకి? తిన్నది అరక్క కాకపోతే!"

అయితే నేర్పడంలో తాబేలు లోపం చేయలేదు. ఏ వంపులో ఏ గేరో, తడి రోడ్డు మీద ట్రెయిలరు తోక ఎటు జారుతుందో, నిద్ర ఏ వేళ కనురెప్ప మీద వచ్చి కూర్చుంటుందో, అన్నీ తిట్లలో కలిపి మింగించాడు. బండి ఎక్కడ ఆగినా ఇనప రాడ్డుతో టైర్లన్నీ కొట్టించేవాడు.

"చూశావా?"

"చూశాను బాబాయ్."

"చూడ్డం కాదురా సన్నాసీ, వినాలి. పెళ్లాం గొంతులో తేడా ఫోన్లో పట్టేస్తావు. టైరు గొంతులో తేడా పట్టలేవా?"

అలా అని, తానే దిగి, కొట్టినవాటినే మళ్లీ కొట్టేవాడు. ఎవరి మాటా నమ్మే మనిషి కాదు. హలో చూశానన్నదాన్ని అతడు చూసేవాడు, బిగించానన్నదాన్ని బిగించేవాడు. తన మాట ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఈ ముసలాడు నమ్మితే బాగుండునని హలోకు లోలోపల ఉండేది. ఆ కోరిక మీద అతడికే అసహ్యం.

ఈసారి లోడు ఐస్‌క్రీము. యార్డును ఆనుకుని ఉన్న కంపెనీ గోదాములో దింపాలి. దింపితే సెలవు. గోదాము గేటు బయటే అతడి ఊరి బస్సు ఆగుతుంది.

గడ్డకట్టిన సరుకు బండికి ట్రెయిలరు ముందు భాగాన, సరిగ్గా పరుపు వెనక, ఫ్రీజరు మిషను ఉంటుంది. పిండిమర ఆడినట్టు దాని మోత. లోపల చలి సరిపోతే తనంతట తానే ఆగుతుంది, చాలకపోతే తనంతట తానే మొదలవుతుంది. ఆ మోతలో తాబేలు పసిబిడ్డలా నిద్రపోయేవాడు. ఆ మోతలో హలోకు ఇల్లు వినపడేది కాదు. అందుకని అతడొక దొంగపని అలవాటు చేసుకున్నాడు. తాబేలు పడుకున్న వేళ ఫోను వస్తే, చప్పుడు కాకుండా దిగి, మిషను స్విచ్చి ఆపి, మాట్లాడి, మళ్లీ వేసేవాడు. మిషను తనంతట తానే ఆగిందనుకునేవాడు తాబేలు. చిన్న మాటలు, చిన్న ఆపు. ఏ పెట్టె అంచూ మెత్తబడింది లేదు.

చివరి రోజు పొద్దున తాబేలుకు జ్వరం. ఒళ్లు పెనంలా కాలుతోంది. దుప్పటి ముసుగులోంచే, "చచ్చానని సంబరపడకు, ఇంకా స్టీరింగు నీది కాదు" అని గొణిగి అటు తిరిగాడు. లారీలు ఆగే బయల్లో బండి నిలిపి, హలో మొహం కడుక్కుంటుంటే ఫోను మోగింది.

"ఏంటండీ ఆ రొద? బుజ్జిది జడుసుకుంటోంది."

"ఉండు, ఉండు, ఒక్క నిమిషం."

అతడు పరుగున వెళ్లి మిషను ఆపాడు. ఉన్నట్టుండి లోకం నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలోకి, గిన్నెలో నీటిబొట్టు రాలినట్టు, పాప గొంతు రాలింది.

"నాన్నా."

"చెప్పమ్మా. నాన్నే. ఇదిగో వచ్చేస్తున్నా."

అవతల టకటకమని చప్పుడు. పాప ఫోను అద్దాన్ని వేలితో కొడుతోంది, తలుపు కొట్టినట్టు.

"నాన్నా, బైటికి రా."

అతడు ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"బైటికి రా నాన్నా. లోపల చీకటిగా ఉందా?"

వెనకాల భార్య ఏదో అంటోంది, నవ్వో ఏడుపో తెలియడం లేదు. ఈలోగా బయలు కాపలావాడు కర్రతో బండి తలుపు బాదాడు. "ఓయ్, సంసారాలు తర్వాత! బండి తియ్యి, వెనక ట్యాంకరు నిలబడి ఉంది, తియ్యి తియ్యి!" ట్యాంకరు హారను చెవులకు చిల్లులు పొడిచింది. హలో కళ్లు తుడుచుకుంటూనే ఎక్కాడు, తుడుచుకుంటూనే గేరు వేశాడు. రోడ్డంతా నీళ్లలో ఊగింది. రాడ్డు తీయలేదు, టైరు కొట్టలేదు, బండి చుట్టూ ఒక్క అడుగు వేయలేదు.

ఎండ ఎక్కింది. తారు మెరిసింది. మిట్టమధ్యాహ్నం హలో బండిని రోడ్డు పక్కన ఆపితే తాబేలు లేచి, వణుకుతున్న చేతులతో కెటిల్లోని నీళ్లు తాగి, ముందు సీటులోకి దిగాడు.

"జరుగు. చివరి మెట్ట నేను ఎక్కిస్తా. నీ చేతిలో పెడితే పిల్లల సరుకు పిండి చేస్తావు. మిషను చూశావా?"

"చూశాను బాబాయ్."

నోటికి అలవాటైన మాట. అబద్ధమాడుతున్నానన్న ఎరుక కూడా లేదు. తాబేలు తలుపు మీద చేయి వేశాడు, దిగబోయాడు, కాలు నిలవలేదు. కిందికి ఒకసారి చూసి, హలో మొహంలోకి ఒకసారి చూసి, చేయి వెనక్కు తీసుకున్నాడు.

"సరే," అన్నాడు.

అంతే. దిగలేదు, చూడలేదు. హలో గుండెలో ఏదో పొంగింది. నమ్మాడు. ఇవాళ యార్డులో ఆ మాట అంటాడు, బండి ఇవ్వొచ్చంటాడు, సాయంత్రం బస్సు. అతడు పరుపు మీద ఒరిగి, ఇంటి గుమ్మం కలగంటూ కళ్లు మూశాడు.

గోదాము దగ్గర తనిఖీ చేసే ఆమె పొడవాటి సూది థర్మామీటరుతో వచ్చింది. మాట పొదుపు మనిషి. తలుపు గొళ్లెం తీయగానే సందులోంచి సన్నటి గులాబీరంగు ధార జారి ఆమె చెప్పు మీద పడింది. ఆమె చెప్పు విదిలించింది. ఒక పెట్టెలో సూది గుచ్చింది, తీసింది, ఇంకోదాంట్లో గుచ్చింది, తీసింది.

"దింపేది లేదు. సూపర్వైజర్ని పిలవండి."

సూపర్వైజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పళ్లలో పుల్ల. బండి చుట్టూ తిరిగి, మిషను దగ్గర వంగి, చిన్న తెర మీద ఏవో నొక్కాడు. చుట్టూ డ్రైవర్లు మూగారు. ఒకడి బండి పాడైతే తక్కినవాళ్లకు అదొక తిరునాళ్ల వినోదం.

"మిషను పాడవలేదు," అన్నాడు సూపర్వైజరు నిటారుగా లేచి. "పొద్దున ఆపారు. చేత్తో ఆపారు. ఎవరి చెయ్యి?"

మిషనుకు చెయ్యి తెలుసు, చెయ్యి ఎవరిదో తెలియదు.

తాబేలు కనుబొమలు ముడిపడ్డాయి. అతడికి నిజంగానే ఏమీ అర్థం కాలేదు. హలోకు అర్థమైంది.  గేటు బయట బస్సు హారను వినపడింది, అతడి ఊరి బస్సు. బైటికి రా నాన్నా. లోపల చీకటిగా ఉందా. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"బాబాయికి జ్వరం సార్. మోతకి తల పగిలిపోతోందన్నాడు. నేను మొహం కడుక్కోడానికి వెళ్లాను. వచ్చేసరికి... నేను చూడలేదు సార్."

ఒక్క అబద్ధం సరిపోయేచోట గంపెడు కుమ్మరించాడు.

తాబేలు ముందు నవ్వాడు, ఎవరో ఎకసెక్కమాడినట్టు. "నేనా? మిషను ఆపుకుంటానా నేను? ఆ మోత లేందే నాకు కన్ను మూతపడదు. ఇన్నేళ్ల నుంచీ అదే నా జోలపాట. అడగండి ఎవర్నైనా!" అని చుట్టూ చూశాడు. ఎవరెవరికి ఎకసెక్కాలు పంచాడో వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒకడు బూటుతో నేల గీస్తున్నాడు. ఒకడు, "జ్వరంలో మనిషికి ఒళ్లు తెలీదులే బాబాయ్" అన్నాడు, జాలిగా. ఆ జాలి తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

అప్పుడు తాబేలు కళ్లు చిన్నవయ్యాయి. హలో వైపు తిరిగాడు.

"ఒరే. పొద్దున నీకు ఫోను వచ్చింది కదరా. ముసుగులోంచి విన్నాను, ఎవరితోనో చెప్పమ్మా అన్నావు. నీ కూతురే కదా?"

అందరూ హలోను చూశారు. సూపర్వైజరు పళ్లలో పుల్ల ఆగింది.

"చెప్పరా. వచ్చిందా, లేదా?"

"ఫోనేం రాలేదు బాబాయ్," అన్నాడు హలో. "జ్వరంలో ఏదో విని ఉంటావు."

 ముసలాడు హలోను చూశాడు. కోపంగా కాదు, టైరు కొట్టి, గొంతు విని, ఇది ఎంత దూరం పోతుందో లెక్కగట్టే చూపు అది.

"కళ్లూ సరిగ్గా లేవు, చెవులూ లేవు, ఇప్పుడు మతీ పోయింది," అన్నాడు సూపర్వైజరు. చాలాకాలంగా నాలుక చివర దాచుకున్న మాటే. "ఇంక చాలు పెద్దాయనా. సామాను దింపుకుని ఇంటికి పో."

"ఏ ఇంటికి సార్?"

డ్రైవర్లు గొల్లున నవ్వారు. తాబేలు నోట ఏ మాట వచ్చినా నవ్వడం వాళ్లకు అలవాటు. ఈసారి అతడు జోకు వేయలేదని ఎవరికీ తట్టలేదు.

జనం చెదిరాక హలో చేతులు నలుపుకుంటూ సూపర్వైజరు వెంట నడిచాడు.

"సార్, నా సెలవు..."

"ఏం సెలవు?"

"ఈ లోడు దింపాక మొదటి సెలవన్నారు సార్. పాప..."

"రెండో డ్రైవరు ఉంటే కదయ్యా సెలవు! ఉన్న రెండోవాణ్ణి నీ కళ్ల ముందే పంపేశాను." సూపర్వైజరు అతడి భుజం తట్టాడు. "బండి ఇంక నీది. ఒంటరిగా తోలు, మనిషి దొరికితే పెడతా. ఆ పాడైన సరుకు పారబోసి, ట్రెయిలరు కడిగించి బయల్దేరు. దూరపు లోడు రెడీగా ఉంది. అదృష్టవంతుడివోయ్. తప్పు నీదై ఉంటే ఈపాటికి ఇంటి బస్సులో ఉండేవాడివి!"

తన మాట తనకే నచ్చి, పుల్ల ఉమ్మేసి నవ్వుకుంటూ వెళ్లాడు.

వెనక నుంచి మరో నవ్వు వినపడింది. క్యాబిన్ మెట్టు మీద పరుపు చుట్టుకుంటూ తాబేలు. విన్నాడు. నవ్వీ నవ్వీ దగ్గు పట్టుకుని, మెట్టు కడ్డీ పట్టుకుని వంగిపోయాడు. హలో సాయం పట్టబోతే, మోచేత్తో నెట్టాడు. పరుపు దిగింది, బట్టల మూట దిగింది, కెటిలు దిగింది, అద్దం దిగింది. దిగినవన్నీ కలిపితే నేల మీద ఒక చిన్న కుప్ప. క్యాబిన్ ఇంత పెద్దదా అనిపించింది హలోకు.

"మీ ఊరి బస్సు ఏ రంగురా?"

హలో గేటు వైపు చూశాడు.

"ఎక్కెయ్యనా? ఎటూ ఇంటికి పొమ్మన్నారు. నాకు లేదు, నీకుంది. నీ కూతురికి నేనెవరో తెలీదు, నువ్వెవరో తెలీదు. ఎవరొచ్చి గుమ్మంలో నిలబడితే ఏం?"

"బాబాయ్..."

"బాబాయ్ అనకు. ఫోను రాలేదన్నావే, అదీ దెబ్బంటే. నన్ను కొట్టడం ఏముంది, ముసలి టైరుని. కన్నదాని గొంతుని కొట్టావు." మూట భుజాన వేసుకున్నాడు. "పైకొస్తావు. బాగా పైకొస్తావు. ఈ బండి నిన్ను ఇంక దించదు."

పారబోసే చోటు యార్డు వెనకే. రంగురంగుల సరుకు గుంటలో కలిసి ఒకే బూడిదరంగైంది. ఈగలు ముసిరాయి. ట్రెయిలరు కడగడం అయ్యాక హలో ఇంటికి ఫోను చేశాడు. మిషను ఇంకా మొదలుపెట్టలేదు, స్పష్టంగానే వినపడింది.

"బయల్దేరారా? దీనికి తలంటి, కొత్త గౌను వేశాను. గుమ్మంలోనే కూర్చోబెట్టాను, ఏ లారీ పోయినా లేచి నిలబడుతోంది."

"నాకు బండి ఇచ్చారు," అన్నాడు. "సొంతంగా. నా ఒక్కడికే."

"నిజమా! మంచి మాటే కదండీ. మరి..."

"ఈసారికి కుదరదు."

 ఆమె గొంతు, పాత్ర బోర్లించినంత మామూలుగా వచ్చింది.

"సరే అయితే. గౌను విప్పేస్తాను. మాసిపోతుంది."

కొత్త లోడు తగిలించేసరికి పొద్దు వాలుతోంది. యార్డు గేటు ఇరుకు. ఇటు గోడ, అటు వరసగా నిలిపిన బండ్లు. ఇంత పొడవు బండిని ఆ సందులోంచి హలో ఒంటరిగా ఎప్పుడూ తీయలేదు. సగం తిప్పి ఆగాడు. ముందుకు పోతే వెనక మూల గోడకు రాసుకుంటుంది, వెనక్కు వస్తే పక్క బండి అద్దం పగులుతుంది. చెమట కళ్లలోకి కారింది. గేటు కాపలావాడు టీ తాగుతూ తమాషా చూస్తున్నాడు.

గోడ నీడలో మూట మీద కూర్చున్న మనిషి లేచాడు. బస్సులు వచ్చి పోతున్నా ఏదీ ఎక్కకుండా అంతసేపూ అక్కడే ఉన్నాడు. వణుకుతూ బండి ముందుకు వచ్చి, హలో మొహం చూడకుండా, చక్రాలను మాత్రమే చూస్తూ, చేతులు ఎత్తాడు.

"స్టీరింగు ఎడమకి కొయ్యి... ఇంకా కొయ్యి... ఆఁ, ఆపు. ఇప్పుడు నిటారు. రానీ... రానీ... తోక చూసుకో... రైట్... రైట్..."

హలో ఆ చేతులు చెప్పినట్టు తిప్పాడు. అరచేయి ఎత్తితే ఆపాడు, వేళ్లు పిలిస్తే కదిలాడు. గోడకూ బండికీ మధ్య జానెడు సందు కూడా లేదు, అయినా ఎక్కడా గీత పడలేదు. ముసలాడు పక్కకు తప్పుకుని, దాటిపోతున్న ట్రెయిలరు ఒంటి మీద అరచేత్తో గట్టిగా చరిచాడు.

"పోనీ!"

బండి రోడ్డెక్కింది. ఊరి బస్సులు కుడికి పోతాయి, అతడు ఎడమకు తిప్పాడు. తిప్పుతూ అద్దంలోకి చూశాడు. ట్రెయిలరు వెనక మూల గోడను దాటి బయటపడిందా లేదా అన్నంతవరకే చూశాడు.